రంగు క్రింది తుప్పు

1962 నుండి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో తయారైన ఎమ్.జి.బి. స్పోర్ట్స్ కారును ఇంటి షెడ్డులోనే బాగుచేసుకొనే అభిమానులు నేటికీ ఎందరో ఉన్నారు. వారి దీక్ష శ్లాఘనీయమే. కాని మొదటనే రంగుడబ్బా తెరిచేవారితో నేను ఏకీభవించలేను. ఆ కారుకు విడిగా చట్రం లేదు. తలుపుల క్రింద సాగే ఉక్కు పెట్టెలే, ముఖ్యంగా పైకప్పు లేని బండికి, వెన్నెముక. అవి తుప్పుపట్టగా పుట్టీ మెత్తి, పైన నిగనిగలాడే ఎరుపు పూయడం, దానిని నడిపేవాని ప్రాణంతో చెలగాటం. తుప్పును కోసి, కొత్త రేకు వెల్డింగు చేసిన తరువాతనే రంగు. కోసేటప్పుడు బండి వంగకుండా ఆనికలు పెట్టాలి. లేనిచో తలుపులు సరిగా మూతపడవు. ఇక ఐసోసయనేటు కలిసిన రంగును ఇంట పిచికారీ చేయడం మరీ అవివేకం. ఆ తుంపర ఉబ్బసం తెచ్చిపెట్టగలదు. మామూలు ముసుగు చాలదు. ఆ ఒక్క పనికి డబ్బిచ్చి పనివానిని ఆశ్రయించడంలో చిన్నతనమేమీ లేదు.