ముందు ఫొటో సరే, తర్వాతి ఫొటో ఎవరు చూస్తారు?

పట్నంలో కాస్మెటిక్ సర్జరీ క్లినిక్‌కు పోతే ఇప్పుడు ముందుగా పలకరించేది డాక్టర్ కాదు, కెమెరా. వెంట్రుకలు వెనక్కి కట్టించి, కళ్లజోడు తీయించి, తెల్లటి వెలుతురులో కూర్చోబెడతారు. ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, వాలుగా ఇంకో రెండు ఫొటోలు తీస్తారు. పెద్ద క్లినిక్ అయితే ఒక్క క్లిక్కుతో అన్ని కోణాలూ పట్టే త్రీడీ కెమెరానే ఉంటుంది. కాసేపటికి మన తల కంప్యూటర్ తెర మీద గిర్రున తిరుగుతుంది. కౌన్సెలర్ మౌస్ జరిపితే ముక్కు మీది ఎత్తు అణిగిపోతుంది, గదవ కింద వేలాడే కండ మాయమవుతుంది, అడగకపోయినా రంగు కూడా ఒక పిసరు తేలుతుంది. ‘ఇట్ల అయితది మేడమ్’ అంటారు. ఆ వెంటనే చేతికొచ్చేది రేటు కాగితం.

మన పాలమూరు వైపు కోస్గిలో బస్సెక్కి, పరిగి మీదుగా వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చినవాళ్లను ఆ బొమ్మ ఇట్టే పడగొడుతుంది. పెళ్లి కుదిరిన ఆడపిల్లలు, పాతికేళ్లకే నెత్తి పలచబడ్డ పిల్లగాళ్లు మన పల్లెల నుంచి కూడా పోతున్నారు. పోవడం తప్పని నేననను. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పండ్లకు గోధుమరంగు మచ్చలు పడ్డ పిల్ల, నవ్వొచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆ పండ్లు బాగుచేయించుకుంటానంటే దాన్ని సోకు అనే హక్కు ఎవరికీ లేదు.

నా ఫిర్యాదు వేరు. కెమెరాలూ, కృత్రిమ మేధా అన్నీ ఆపరేషన్‌కు ముందే, డబ్బు కట్టించేదాకానే పనిచేస్తున్నాయి. కట్లు కట్టి ఇంటికి పంపిన తర్వాత వాటి జాడ ఉండదు.

కొలవకుండా ముఖం మీద కత్తి పెట్టకూడదన్నది మన దగ్గర బహుపాత మాట. తెగిన ముక్కు కొలతకు చెట్టు ఆకు కత్తిరించుకోమన్నాడు సుశ్రుతుడు. 1794 అక్టోబరులో లండన్ ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’లో ఒక ఉత్తరం బొమ్మతో సహా అచ్చయింది. టిప్పు సుల్తాన్‌తో యుద్ధంలో ఇంగ్లిషు సైన్యానికి ఎడ్లబండి తోలిన కావస్‌జీ అనే మరాఠా మనిషి శత్రువులకు చిక్కితే, ముక్కూ ఒక చెయ్యీ కోసి వదిలారు. పుణె దగ్గర ఒక నాటు వైద్యుడు పలచటి మైనపు రేకుతో ముక్కు అచ్చు తీసి, దాన్ని చదునుగా నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీసి, అంత మేర చర్మాన్ని కిందికి తిప్పి కొత్త ముక్కు కట్టాడు. ఇరవై ఏళ్లకు, 1814లో, లండన్‌లో జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ అదే పద్ధతిలో ఆపరేషన్ చేశాడు. ఆ మైనపు రేకు ఎవరికీ ఆశపెట్టడానికి చేసింది కాదు, కొలత కోసం చేసింది. ఇవాళ యాక్సిడెంట్‌లో దవడ నుజ్జయినవాళ్లకు సీటీ స్కాన్ తీసి, ఆ పుర్రెను త్రీడీ ప్రింటర్‌లో అచ్చుపోసి, ప్లేట్లను దాని మీద ముందుగానే వంచి పెట్టుకునే సర్జన్లు చేస్తున్నదీ అదే. అతికించిన కండకు రక్తం అందుతున్నదా లేదా అని రంగుమందు ఎక్కించి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూసే పద్ధతీ ఉంది. కెమెరా అంటే అట్లా రోగికి పనికొచ్చేది.

సోకుల బజారులో కథ వేరు. 2016 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లు దాటిన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఇంట్లో చెప్పకుండా ఎత్తు పెరిగే ఆపరేషన్‌కు కాళ్లప్పగించాడు. ఎముకను కోసి రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున సాగదీసే ఆ చికిత్సకు నెలల తరబడి మంచం తప్పదని కన్నవాళ్లకు తెలిసేసరికి కోత అయిపోయింది. 2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లోని ఒక దంతవైద్యశాలలో చిరునవ్వు దిద్దించుకోవడానికి కూర్చున్న 28 ఏళ్ల యువకుడు ప్రాణాలతో లేవలేదు. పెళ్లి కుదిరిన పిల్లాడు. మత్తుమందు ఎక్కువైందని తండ్రి ఫిర్యాదు చేశాడు. ‘నువ్వు నాకు నచ్చావ్’ నాయిక ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో చనిపోయేనాటికి వయసు 31. కొవ్వు తీయించుకున్న ఆపరేషన్ జరిగి కొద్ది వారాలే అయింది. దేనికి ఏది కారణమో తీర్పు చెప్పే పని నాది కాదు. కానీ మత్తు, రక్తం గడ్డకట్టడం, ఊపిరాడకపోవడం తెర మీది బొమ్మలో ఉండవు. వాపు ఉండదు, మచ్చ ఉండదు. ముక్కు అసలు రూపానికి రావడానికి ఏడాది దాకా పడుతుందన్న సంగతీ ఉండదు.

ఇక చర్మం. డాక్టర్లు వాడే ఆరు రకాల చర్మాల పట్టీని 1975లో అమెరికాలో ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే చర్మవైద్యుడు మొదలుపెట్టింది తెల్లవాళ్లను దృష్టిలో పెట్టుకునే; నల్లతోళ్లు తర్వాత చేరాయి. 2018లో జాయ్ బులమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు ముఖాలు చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్లను పరీక్షిస్తే, తెల్లటి మగవాళ్ల విషయంలో తప్పు 0.8 శాతానికి మించలేదు. నల్లటి ఆడవాళ్ల దగ్గర మాత్రం ఒకదాని తప్పు 34.7 శాతం దాకా పోయింది. పాలమూరు ఎండలో పనిచేసిన ఒళ్లు ఇటువంటి యంత్రానికి కొత్త. డిశ్చార్జ్ కాగితం మీద ‘గాయం ఎర్రబడితే వెంటనే రండి’ అని రాస్తారు చూడండి, అదీ తెల్లతోలు మాటే. మన ఒంటి మీద చీము పట్టబోయే చోటు ఎర్రగా కాదు, ఊదాగానో ఇంకాస్త నల్లగానో కనిపిస్తుంది.

సరిగ్గా ఇక్కడే కెమెరా అవసరం. ఆపరేషన్ అయిన మూడో రాత్రి కోస్గిలో ఇంటికాడ కుట్టు దగ్గర నీరు కారుతుంటే ఎవరినడగాలి? పొద్దున్నే బస్సెక్కితే ఒకరోజు కూలి, తోడు వచ్చేవాళ్ల కూలి పోతాయి. కౌన్సెలర్‌కు వాట్సాప్‌లో ఫొటో పెడితే ‘నార్మల్ మేడమ్, టెన్షన్ వద్దు’ అని జవాబు. రూపం చూపించినప్పుడు ఉన్న త్రీడీ లేదు, కృత్రిమ మేధా లేదు, డాక్టర్ కూడా లేడు. చివరికి దిక్కు ఊళ్లోని ఆర్‌ఎంపీ, ఆయనిచ్చే రెండు రకాల గోలీలు.

గాయం ఫొటో చూసి తేడా పసిగట్టే సాఫ్ట్‌వేర్ల మీద ప్రపంచంలో చాలాచోట్ల పని జరుగుతున్నది. అది డాక్టర్ కానక్కర్లేదు. రోజూ ఒకే దూరం, ఒకే వెలుతురులో తీసిన ఫొటోను నిన్నటి దానితో పోల్చి, అనుమానం వస్తే డ్యూటీ సర్జన్ ఫోన్ మోగిస్తే చాలు. మనలాంటి చర్మాల ఫొటోలతోనే దానికి నేర్పాలి. కోస్గి సర్కారు ఇంజనీరింగ్ కళాశాలలో కృత్రిమ మేధ చదువుతున్న పిల్లలకు ఇంతకన్నా దగ్గరి పని ఏముంటుంది? ఫొటోలు దాచే చోటు మాత్రం గట్టిగా ఉండాలి. 2017లో లిథువేనియాలో ఒక కాస్మెటిక్ క్లినిక్ కంప్యూటర్లు దోచినవాళ్లు 25 వేలకు పైగా రోగుల ఫొటోలను బజారున పడేశారు.

పట్నం పోయేవాళ్లకు రెండు మాటలు. తెర మీద చూపిన బొమ్మను అచ్చుతీసి, దాని మీద సర్జన్ సంతకం పెట్టించి, మీరు సంతకం చేసే అంగీకార పత్రానికి జతచేయమనండి. ససేమిరా అంటే అది వైద్యం కాదు, అమ్మకం. కత్తి పట్టేది ఎవరో, ఏం చదివారో అడగండి. యూట్యూబ్ చూసి నేర్చుకున్నది జుట్టు మార్పిడికి చాలదని 2022లో జాతీయ వైద్య కమిషన్ రాతపూర్వకంగా చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

సర్కారుకు ఒక్కటే. సోకు ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో లేవు, ఉండాలని నేనూ అడగను. కానీ కాలిన ఒళ్లు, గ్రహణమొర్రి ఉన్న పిల్లల పెదవులు అందులో బాగవుతున్నాయి. వాళ్లు ఇంటికి చేరాక రోజూ గాయం చూసే కెమెరా కన్ను ముందు వాళ్లకివ్వండి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో కోస్గి అప్పుడు ఉన్న మహబూబ్‌నగర్ ఒకటి. ఈ పనీ ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.