గుర్తురాని అభ్యర్థి

2002 రాష్ట్రపతి ఎన్నిక అనగానే అబ్దుల్ కలాం గుర్తొస్తారు. ఆయనపై పోటీచేసిన కెప్టెన్ లక్ష్మీ సెహగల్ మన కార్యకర్తల్లోనే చాలామందికి గుర్తురారు. వామపక్షాలు నిలబెట్టేనాటికి ఆమెకు 87 ఏళ్లు. 1943లో ఝాన్సీ రాణి రెజిమెంట్‌ను నడపడం, కాన్పూరులో దశాబ్దాలపాటు పేద స్త్రీలకు వైద్యం చేయడం, 1984లో భోపాల్ గ్యాస్ బాధితుల దగ్గరికి వైద్యబృందంతో వెళ్లడం - ఇవేవీ ‘అర్హత’ల లెక్కలోకి రాలేదు. క్షిపణులు వచ్చాయి.

కలాం నిరాడంబరతనూ, ఆయనకున్న ప్రజాదరణనూ కాదనడం లేదు. అయితే రాష్ట్రపతిని ఎన్నుకునేది ప్రజలు కాదు, ఎం.పి.లూ ఎం.ఎల్.ఎ.లూ. ఎన్.డి.ఎ., కాంగ్రెస్, మన తెలుగుదేశం ఒకవైపు చేరాక ఫలితం ముందే తేలిపోయింది. కలాంకు వచ్చిన ఓట్ల విలువ 9,22,884, ఆమెకు 1,07,366. గుజరాత్ మారణకాండ జరిగిన ఏడాది అది. స్త్రీల శరీరాలపై జరిగిన ఆ దాడుల గురించి, 1998 అణుపరీక్షల గురించి అభ్యర్థులేమంటారని అడగాల్సిన సమయం. ఓడతానని తెలిసీ ఆమె నిలబడబట్టే ఆ ప్రశ్నలకు కాస్తయినా చోటు దొరికింది.

తర్వాత 2007లో ప్రతిభా పాటిల్, 2022లో ద్రౌపదీ ముర్ము రాష్ట్రపతులయ్యారు. ఇద్దరినీ నిలబెట్టినవి అధికార కూటములే. స్త్రీ అయితే చాలా, ఏ విధానాల పక్షాన నిలిచే స్త్రీ అని కూడా అడగాలా? మన సంఘాల్లో ఈ వాదన ఇంకా తెగలేదు.