గడువు తీరిన కంప్యూటరు

ప్రవాస తెలుగు కుటుంబాల ఇళ్ళలో, గరాజులోనో మెట్ల కింద అరలోనో, పాత కంప్యూటరు ఒకటి తరచుగా కనిపిస్తుంది. అది చెడిపోయి అక్కడికి చేరినది కాదు. ఇకపై భద్రతా సవరణలు పంపబోమని తయారీ సంస్థ ప్రకటించినందువల్ల మూలపడినది. పనిచేస్తున్న యంత్రానికి మరణశాసనం వ్రాసే అధికారాన్ని కొన్నవారు అమ్మినవారికి అంత తేలికగా అప్పగించనక్కరలేదు.

2014లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన మాక్ మినీ ఇందుకు మంచి ఉదాహరణ. ఏ పక్కా జానెడైనా లేని చిన్న పెట్టె. దానికి అధికారికంగా లభించిన చివరి నిర్వహణ వ్యవస్థ 2021 నాటి మాంటెరే. 2024 తరువాత దానికీ సవరణలు లేవు. విండోస్ 10కు సైతం 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కోరే అర్హతలు పాత యంత్రాలలో అనేకానికి లేవు.

ఇటువంటి యంత్రాలకు లినక్స్ చక్కని ఆశ్రయం. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ వ్యవస్థలో సోర్సు కోడు అందరికీ తెరిచి ఉంటుంది. కొత్త పదార్థాన్ని తయారు చేసిన రసాయన శాస్త్రజ్ఞుడు, ఇతరులు తిరిగి చేసి చూడగలిగేంత వివరంగా తన విధానాన్ని ప్రచురిస్తాడు. అతడు పరిశోధన మానివేసినా విధానం మిగులుతుంది. లినక్స్ సంగతీ అంతే. అది ఉచితంగా లభించడం కన్న, ఒకరు వదిలిన పనిని మరొకరు అందుకోగలగడమే ముఖ్యం.

లినక్స్ మింట్‌ను పెన్ డ్రైవులోకి ఎక్కించి, ఆప్షన్ మీట నొక్కి పట్టి మాక్ మినీని ప్రారంభిస్తే, డిస్కులో దేనినీ మార్చకుండానే కొత్త వ్యవస్థను వాడి చూడవచ్చు. నచ్చిన పిదప స్థాపించుకోవచ్చు. పూర్తిగా స్థాపిస్తే పాత డిస్కు చెరిగిపోతుంది కనుక పెళ్ళి ఫొటోలు, అమ్మమ్మ గొంతు రికార్డు చేసిన ఫైళ్ళు ముందే వేరే చోట భద్రపరచాలి. వైఫై చిప్పుకు డ్రైవరును విడిగా వేయవలసి రావచ్చు. అంతవరకు ఈథర్నెట్ తీగ తప్పదు. మెమరీ బోర్డుకే అతికి ఉన్నందున పెంచడం కుదరదు. అయితే మింట్‌కు 4 గిగాబైట్లు చాలు. తిరిగే పాత డిస్కును తీసి ఎస్.ఎస్.డి. అమర్చితే వేగం స్పష్టంగా పెరుగుతుంది.

కొన్ని పన్ను లెక్కల ప్రోగ్రాములు, పాఠశాలల పరీక్షల ప్రోగ్రాములు దీనిపై నడవవు. లినక్స్ సర్వరోగ నివారిణి అని చాటే అభిమానులు దానికి మేలు చేయడం లేదు. ఉత్తరాలు, బ్యాంకు పనులు, పిల్లల వ్యాసాలు, పాటలు, వీడియో సంభాషణలు మాత్రం చక్కగా సాగుతాయి.

తెలుగువారికి మరొక ఆకర్షణ ఉన్నది. ఆంగ్లాక్షరాలతో తెలుగు వ్రాసే ఆర్.టి.ఎస్. పద్ధతి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వెలసినది. లినక్స్‌లో దానినీ ఎంచుకోవచ్చు, ఇన్‌స్క్రిప్టునూ ఎంచుకోవచ్చు. తెరపై మాటలను తెలుగులోనికి మార్చుకోవచ్చు. అక్కడక్కడ ఆంగ్లం మిగిలే ఉంటుంది, కొన్ని అనువాదాలు నవ్వు తెప్పిస్తాయి. వాటిని సరిదిద్ది పంపే అవకాశం ఏ తాతగారికైనా, మనుమరాలికైనా ఉన్నది.

ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయి. పద్ధతిగా సేకరించి పునరుపయోగానికి మళ్ళించినట్టు లెక్కకు వచ్చినది అందులో నాలుగో వంతు కూడా లేదు. బంగారం కోసం సర్క్యూట్ బోర్డులను ఇళ్ళ మధ్యనే ఆమ్లాలలో నానబెట్టే చోట్ల, మిగిలిన ద్రవం నేలలోనికి, నీటిలోనికి చేరుతుంది.

సెలవులకు స్వదేశం వెళ్ళేటప్పుడు పాత కంప్యూటరును బంధువుల పిల్లలకు ఇచ్చే అలవాటు చాలామందికి ఉన్నది. భద్రతా సవరణలు ఆగిపోయిన యంత్రాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వడం కానుక అనిపించుకోదు. దానిలో లినక్స్ వేసి, తెలుగు మీటల అమరిక కూడా సిద్ధం చేసి ఇవ్వాలి. మాక్ మినీ 100 నుంచి 240 వోల్టుల వరకు తీసుకుంటుంది కనుక ట్రాన్స్‌ఫార్మరు అక్కరలేదు. అక్కడి ప్లగ్గుకు సరిపడే తీగ ఒక్కటి చాలు.