సముద్రానికి వెళ్ళడం లోకాశా?



మొన్న సోమవారం మేము పిల్లలను తీసుకుని బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రానికి వెళ్ళి వచ్చాము. బుధవారం ప్రార్థన కూటం అయ్యాక ఒక సంఘ పెద్ద అడిగారు: "అయ్యగారూ, దైవసేవకులకు కూడా లోకాశలేనా?"

ఆ మాటకు మేము ఒప్పుకోము. యోహాను తన మొదటి పత్రికలో విడిచిపెట్టమన్నది దురాశను, డంబాన్ని, అలలను కాదు. 104వ కీర్తన చదవండి. మకరములను దేవుడు సముద్రంలో ఆడుకోవడానికే చేశాడట. మకరములు ఆడుకోవచ్చు గానీ సేవకుని బిడ్డలు ఆడుకోకూడదా? భోజనానికి కూడా తీరికలేని శిష్యులను విశ్రాంతి తీసుకోమన్నది ప్రభువే (మార్కు 6:31).

తప్పేదో మేమూ చెబుతాము. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి వెళ్ళడం తప్పు. తాగి నీళ్ళలో దిగడం తప్పు. బిడ్డను అలల్లో వదిలేసి ఒడ్డున సెల్‌ఫోను చూసుకోవడం మరీ తప్పు. కాళ్ళ కింద ఇసుక జారడానికి ఒక్క అల చాలు.

ఊళ్ళో అందరి పిల్లల కోసం ప్రార్థించి, సొంత పిల్లలతో ఒక్క పూట గడపకపోవడమూ తప్పే. "నాన్న ఊరందరికీ ఉన్నాడు, మాకే లేడు" అనుకుంటూ పెరిగి, మందిరం గడప తొక్కని సేవకుల బిడ్డలను మేము ఎరుగుదుము. వారిని దూరం చేసింది సముద్రం కాదు.

ఆ రోజు మోకాలి లోతు నీళ్ళలో మా చిన్నవాడు చెయ్యి పట్టుకుని, "నాన్నా, ఇవాళ ఎవరూ ఫోన్ చేయరు కదా?" అన్నాడు. మమ్మును ప్రశ్నించేవారు ముందు ఆ బిడ్డకు జవాబు చెప్పండి.

దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక. ఆమేన్.