జవాబు తెలిశాక అన్నీ తేలికే: సూరత్ స్టెంట్ కేసు చెప్పే పేటెంట్ పాఠం

మన జీఎస్-3 నోట్సుల్లో ఒక వాక్యం చేతులు మారుతూనే ఉంది: "తెలిసిన పరికరానికి తెలిసిన మందు పూస్తే అందులో కొత్తేముంది?" పేదల పక్షాన మాట్లాడినట్టు వినిపిస్తుంది. కానీ చట్టం అడిగే ప్రశ్న అది కాదు.

నేను ప్రిపేర్ అవుతున్న ఈ సూరత్‌లోనే సహజానంద్ మెడికల్ టెక్నాలజీస్ అనే కంపెనీ ఉంది. వాళ్ల ఇన్ఫినియం స్టెంట్ మీద పాక్లిటాక్సెల్ మందు పూత ఉంటుంది. అలాంటి స్టెంట్‌పై కెనడా కంపెనీ యాంజియోటెక్‌కు యూరప్ పేటెంట్ ఉండేది. ఆ పేటెంట్ చెల్లుతుందని, ఇన్ఫినియం దాన్ని ఉల్లంఘించిందని 2006లో హేగ్ జిల్లా కోర్టు తేల్చింది.

"మన కంపెనీని తొక్కేశారు" అనేసి ఊరుకుంటే మార్కులు రావు. పాక్లిటాక్సెల్ క్యాన్సర్ మందుగా అప్పటికే తెలుసు. స్టెంట్‌కు మందు పూయాలన్న ఆలోచనా ఉంది. కానీ రక్తనాళం మళ్లీ పూడుకుపోకుండా ఏ మందు ఆపుతుంది? ఇదే పేటెంట్‌పై కోనార్ వేసిన కేసులో బ్రిటన్ కింది కోర్టులు "ఇది ఎవరికైనా తట్టేదే" అన్నాయి. 2008లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ తీర్పును తిప్పేసింది. ప్రయత్నించి చూడొచ్చు అనుకోవడం వేరు, ఫలిస్తుందని నమ్మడానికి తగిన కారణం ఉండటం వేరు. కీ చూశాక ప్రిలిమ్స్ పేపర్ కూడా తేలిగ్గానే కనిపిస్తుంది కదా!

అలాగని అడిగిన ప్రతివాడికీ పేటెంట్ ఇవ్వమని కాదు. బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో (1978) పాత్రల తయారీలో వాడే పరికరంపై పేటెంట్‌ను మన సుప్రీంకోర్టు నిలబెట్టలేదు. పాత పద్ధతికి చేసిన వర్క్‌షాప్ స్థాయి మెరుగుదల చాలదంది.

సెక్షన్ 2(1)(జెఎ)ను కూడా సగమే చదువుతున్నాం. సాంకేతిక పురోగతి లేదా ఆర్థిక ప్రాధాన్యం ఉంటే సరిపోదు. ఆ రంగం తెలిసినవాడికి అది ఇట్టే తట్టేది కాకూడదు కూడా.

మరి పేద రోగి సంగతి? దానికి వేరే ఆయుధాలున్నాయి. సెక్షన్ 84 కింద 2012లో హైదరాబాద్ నాట్కోకు కంపల్సరీ లైసెన్స్ వచ్చింది. నెలకు సుమారు 2,80,000 రూపాయలయ్యే క్యాన్సర్ మందు 8,880కు దిగింది. 2017 ఫిబ్రవరిలో మందు పూత స్టెంట్ ధరకు 29,600 రూపాయల పరిమితి పెట్టారు. ఈ రెండింటికీ ఆవిష్కరణను చిన్నచూపు చూడాల్సిన అవసరం రాలేదు.

రేపు శస్త్రచికిత్స పరికరాన్ని నీటితో చల్లబరిచే ఏర్పాటుపై ప్రశ్న వచ్చిందనుకోండి. "నీళ్లు చల్లబరుస్తాయని ఎవరికి తెలియదు?" అని రాయకండి. దరఖాస్తు నాటికి ఏం తెలుసు, తేడా ఏమిటి, ఆ తేడా వైపు నిపుణుణ్ణి నడిపించే కారణం ఉందా? ఈ మూడూ అడగండి. ఎందుకంటే ఇవాళ విదేశీ పేటెంట్‌ను కొట్టేయడానికి మనం వాడే "ఇందులో ఏముంది" అన్న మాటే రేపు సూరత్ ఇంజనీర్ పేటెంట్‌నూ కొట్టేస్తుంది.