ఔషధశాలల శుచిత్వము

రోగమును మాన్పుట వైద్యధర్మమైనచో, రోగమునకు తానే హేతువు కాకుండుట అంతకు పూర్వపు ధర్మము. ఈ ధర్మమును తాము మరువలేదని నేటి బహుళజాతి ఔషధసంస్థలు చెప్పుకొనుచున్నవి. జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థను నిదర్శనముగా గైకొనవచ్చును. 1943లో రాబర్ట్ వుడ్ జాన్సన్ రచించిన ధర్మపత్రిక ఆ సంస్థకు కలదు; పరిసరములను, ప్రకృతి సంపదను కాపాడుట కర్తవ్యమని దాని నేటి పాఠము చెప్పుచున్నది. 2025 నాటికి తన విద్యుత్తునంతయు పునరుత్పాదక మార్గముల నుండియే పొందుదుననియు, 2030 నాటికి తన కార్యకలాపముల నికర కర్బనభారమును శూన్యము గావింతుననియు 2020లో ఆ సంస్థ ప్రకటించినది.

ఇది కేవలము కపటమనుట అన్యాయము. పొగగొట్టము నుండి వెడలు పొగ తగ్గినచో లోకమునకు మేలే. అయితే ప్రశ్న వేరు. లెక్క ఎచ్చట మొదలగుచున్నది, ఎచ్చట ముగియుచున్నది? సొంత ప్రాకారము లోపలి పొగను కొలుచుట సులభము. మందునకు మూలమైన రసాయనమును మరియొకడు తయారుచేసి అమ్మినప్పుడు, ఆ తయారీవలన చెడిన వాగు ఎవరి పద్దులో చేరును?

హైదరాబాదు చేరువనున్న పటాన్‌చెరు ఈ ప్రశ్నకు సాక్షి. సుమారు 90 ఔషధ కర్మాగారముల వ్యర్థజలమును స్వీకరించు అచ్చటి ఉమ్మడి శుద్ధికేంద్రము నుండి వెలువడిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితములను ప్రకటించిరి. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడెను. ఆ మందు సేవించిన రోగి రక్తములో సైతము అంత ఉండదు. దినమునకు సుమారు 45 కిలోగ్రాముల మందు అట్లు నీటిపాలగుచున్నదని వారు లెక్కగట్టిరి. ఇది శుద్ధి జరిగిన తరువాతి నీరని మరువరాదు. దూరదేశపు రోగికి చౌకగా చేరిన మాత్ర వెలలో ఈ నష్టము చేరలేదు. ఇసకవాగు, నక్కవాగు ఒడ్డులనున్న రైతులు దానిని చెల్లించిరి.

నష్టము ఆ ఒడ్డులతో ఆగునది కాదు. అట్టి నీటిలో బలహీనమైన సూక్ష్మజీవులు నశించును. మందును ధిక్కరింపగలవి మిగిలి, ఆ శక్తిని తక్కిన జీవులకు పంచిపెట్టును. మందులకు లొంగని సూక్ష్మజీవులవలన 2019లో లోకమున సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించిరని అంచనా. మందుల దుర్వినియోగమే ఇందుకు ముఖ్యకారణము కావచ్చును. అంతమాత్రమున మురుగుకాలువ నిర్దోషి కాజాలదు.

2016లో జాన్సన్ అండ్ జాన్సనుతో సహా 13 సంస్థలు ఈ విసర్జనమును అదుపుచేయుదుమని ప్రతిజ్ఞ చేసినవి. 2018లో ఔషధసంస్థల కూటమి పరిమితులను కూడ ప్రకటించినది. అవన్నియు ఐచ్ఛికములు. భారత ప్రభుత్వము 2020 జనవరిలో యాంటీబయాటిక్ అవశేషములకు పరిమితులు విధించు ముసాయిదాను వెలువరించినది. 2021 నాటి తుదినిబంధనలలో ఆ పరిమితులు కానరాలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకములు సలహాలే గాని శాసనములు కావు. తప్పినవానికి శిక్షలేని చోట ప్రతిజ్ఞ ఎంతకాలము నిలుచును?

నియమములు బిగించినచో మందుల వెల పెరిగి పేదవాడు నష్టపోవునని కొందరందురు. ఈ వాదము పేదవానిపై కనికరముగా వినబడును. కాని ఆ పేదవాడే కలుషితజలము త్రాగవలసినవాడు. మందు పనిచేయనినాడు ఖరీదైన మరియొక మందు కొనలేనివాడును వాడే. చౌకమందు పేరుతో వానిచేత రెండుమారులు వెల కట్టించుట ఏ నీతి? నార్వే ఆసుపత్రులకు యాంటీబయాటిక్కులు కొనునపుడు వెలతోపాటు పర్యావరణ రక్షణను కూడ తూచు పద్ధతి 2019లో అమలులోనికి వచ్చినది. కొనువాడు అడిగినచో అమ్మువాడు ఆలకించును.

కనుక మహాసంస్థల నుండి ప్రజలు కోరవలసినది సౌరఫలకముల సంఖ్య మాత్రమే కాదు. ముడిమందు ఏ ఊరిలో తయారైనది, అచ్చటి కాలువలో ఏమి కలిసినది అను రెండు మాటలు వారి వార్షికపత్రములలో ఉండవలెను. ఆ రెండును లేనంతవరకు ఆ పత్రములు సగము లెక్కలే.