లింకు తీసేస్తే తాళం వేసినట్టేనా?

2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక విడుదల చేసింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో కలిపి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరు చూసినా కనపడేలా పడి ఉన్నాయని అందులో అంచనా వేశారు. ఆ పోర్టళ్లలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమా పథకానిది. కేంద్రం వారి పింఛన్ల పోర్టల్ సంగతి ఇంకా విచిత్రం. అడ్రసులో ‘నోలాగిన్’ అని ఉన్నచోట ‘లాగిన్’ అని మారిస్తే చాలు, లోపలి వివరాలన్నీ బయటికొచ్చేవి. దీన్ని హ్యాకింగ్ అంటే అసలు హ్యాకర్లు చిన్నబుచ్చుకుంటారు.

మన ఆఫీసుల్లో ‘ఆ పేజీ తీసేశామండీ’ అంటే చాలాసార్లు మెనూలోంచి లింకు తీసేశారని అర్థం. ఫైలు మాత్రం సర్వర్‌లో ఎక్కడిదక్కడే ఉంటుంది. నిరుటి జాబితా అడ్రసు తెలిసినవాడు సంవత్సరం అంకె మార్చి ఈ ఏటిది దించుకుంటాడు.

ఇంకొందరు ‘రోబోట్స్’ ఫైలులో ఆ ఫోల్డరు పేరు రాసి చేతులు దులుపుకుంటారు. అది 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించిన పద్ధతి. ఇటు రావద్దని సెర్చ్ ఇంజన్ల బాట్లకు చేసుకునే మనవి, అంతే. 2022లో దాన్ని ప్రమాణంగా ఖరారు చేసినప్పుడు కూడా ఇది ప్రవేశాన్ని అదుపుచేసే సాధనం కాదని తేటగా రాశారు. పైగా ఆ ఫైలును ఎవరైనా తెరిచి చదవొచ్చు. నగలు ఏ బీరువాలో ఉన్నాయో వీధి తలుపు మీద రాసిపెట్టినట్టు!

అసలు అడ్డుకోవాల్సింది సర్వర్. అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో అయితే దాచాల్సిన ఫోల్డరులో ‘హెచ్‌టీయాక్సెస్’ అనే చిన్న ఫైలు పెట్టి ‘రిక్వైర్ ఆల్ డినైడ్’ అని ఒక్క లైను రాస్తే, వచ్చినవాడికి 403, అంటే ‘ప్రవేశం లేదు’ అని చూపించి పంపేస్తుంది. పాస్‌వర్డు అడిగించాలన్నా నాలుగైదు లైన్ల పనే. చిక్కు సైటును వేరే సర్వర్‌కి మార్చినప్పుడు వస్తుంది. ఇంజిన్‌ఎక్స్ అనే మరో సర్వర్ సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును అసలు చదవదు. అపాచీలోనూ ‘అలౌ ఓవర్‌రైడ్ నన్’ అని ఉంటే పట్టించుకోదు. ఫైళ్లన్నీ కాపీ అవుతాయి, హోం పేజీ ముచ్చటగా కనపడుతుంది, ఎర్రర్ ఒక్కటీ రాదు, దాచిన ఫోల్డరు మాత్రం బార్లా తెరుచుకుని ఉంటుంది. కాంట్రాక్టరు బిల్లు పాసైపోతుంది.

కుర్ర డెవలపర్‌ని తిట్టి లాభం లేదు. ఏది మూయాలో అతనికెవరూ చెప్పరు. ఉపాధి హామీ మస్టర్లనే తీసుకోండి. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కూలి ముట్టింది అన్నది ఊరందరికీ తెలియాలి. అది లేనిదే సామాజిక తనిఖీ లేదు, దొంగ పేర్లు బయటపడవు. కానీ అదే పట్టికలో పక్క గడిలో ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు ఉండక్కర్లేదు. సర్వర్ ఫోల్డరును మూయగలదు, ఫైలును మూయగలదు, పట్టికలో గడిని మూయలేదు. ఆ గడి తీసేసిన పట్టికను జనానికి, పూర్తి పట్టికను లాగిన్ వెనక పెట్టమని చెప్పాల్సింది ఆ శాఖ అధికారి. ఆయన చెప్పకపోతే అన్నీ తెరిచి ఉంటాయి. గొడవైన మర్నాడు భయంతో అన్నీ మూసేస్తారు, కూలివాళ్లు తమ లెక్క తాము చూసుకోడానికి కూడా ఉండదు. ఈ రెండో తప్పు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, నాకు మాత్రం అదీ అంతే కోపం తెప్పిస్తుంది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, డేటాకు తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని ఉంది. అంత దూరం పోకుండా టెండర్ కాగితంలో ఒక షరతు చేర్చితే చాలు: ఏయే ఫోల్డర్లు ఎవరికి తెరిచి ఉండాలో జాబితా, సర్వర్ మారిన ప్రతిసారీ మళ్లీ పరీక్ష. పరీక్షకు నిపుణులు అక్కర్లేదు. ప్రారంభోత్సవం నాడు లాగిన్ కాని ఒక ఫోన్‌లో మూసి ఉండాల్సిన ఫోల్డర్ల అడ్రసులు కొట్టి చూడమనండి. 403 గానీ లాగిన్ పేజీ గానీ వస్తే, అప్పుడు మంత్రిగారిని బటన్ నొక్కమనొచ్చు.